పాతర మొదటి గంప

బండపల్లి,
28 డిసెంబరు 1985

తమ్ముడు నూరుల్లాకు అక్క రోషన్‌బీ సలాం.

మేం బాగున్నాం, మీరు బాగున్నారా అని రాసి ఒక వరుస పాడు చెయ్యను. ఇన్‌లాండు కవరు చిన్నది, నా ఏడుపు పెద్దది. మేం మా కొట్టం పైకప్పు పీకి ఎద్దులకు వేస్తున్నాం.

నవ్వకు. ఈ ఏడు చెనిక్కాయ చేలు ఎట్లా పోయాయో నీకు తెలుసు. చెట్టు జానెడు కూడా లేవలేదు. పీకితే వేరు వచ్చింది గానీ కాయ రాలేదు, మేతకు కట్టె కూడా మిగల్లేదు. ఇక ఇంట్లో ఉన్న గడ్డంటే మూడేళ్ల కిందట కొట్టానికి కప్పిన వరిగడ్డే. మీ బావ నిచ్చెన ఎక్కి కట్టలు కట్టలుగా తోస్తుంటే నేను దుమ్ము దులిపి గాడిలో వేస్తున్నాను. బూదెద్దు ఒక పరక నమిలి వదిలేస్తుంది. కర్రెద్దు వాసన చూసి, తర్వాత నా మొహం చూస్తుంది. పక్కింటి చౌడక్క గోడ మీద గడ్డం ఆనించి, "ఏం రోషనక్కా, ఎద్దులకు ఇల్లే తినిపిస్తాండారా?" అంది. ఆమెకేం, ఉన్నది ఒక్క ఎర్రావు, కుడితితో కాలం నెట్టుకొస్తోంది.

మీ బావ ఒక మాట అనేశాడు. కదిరి తేరు నాటికి ఎద్దులు నిలబడి నడవగలిగితే అక్కడి సంతలో అమ్మేస్తాడట. ఈ కరువులో బక్క ఎద్దులను కొనేవాడు ఏ పనికి కొంటాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎద్దులు పోతే బండి ఎందుకు, బండి పోతే ఊరెందుకు, బెంగళూరులో మట్టి పనికి పోదాం అంటాడు. పదేళ్లుగా ఆ రెండింటినీ నా చేత్తో కడిగాను నూరూ. నాకు అన్నం సహించడం లేదు.

నువ్వు హిందూపురంలో ఎరువుల అంగడిలో కూర్చుంటావు, నలుగురు రైతులు వస్తారు. యాడైనా గడ్డి ఉందేమో విచారించు. రాసేది మాత్రం చూసి రాయి. మీ బావ ఉత్తరాన్ని నా చేతికివ్వడు, అరుగు మీద కూర్చుని వీధంతా వినేలా చదువుతాడు. కిందటిసారి మా అత్త మదార్‌బీ గురించి నువ్వు రాసిన ముక్క ఆమె చెవిన కూడా పడింది. ఇంకా మరిచిపోలేదు.

మరదలు షాహిదాకు ముద్దులు. నీకు లేవు, మూడు నెలలుగా ఉత్తరం రాయలేదు కాబట్టి.

రోషన్‌బీ


హిందూపురం,
8 జనవరి 1986

అక్కకు, బావకు, వినేవాళ్లందరికీ నూరుల్లా సలాం. మదార్‌బీ అత్తకు రెండు సలాములు.

అక్కా, గడ్డి దొరకలేదు. మడకశిర వాళ్లు కూడా అంగడికొచ్చి అదే అడుగుతున్నారు, దుడ్లు చేతిలో పట్టుకుని. కానీ గడ్డి గురించి ఒక వింత దొరికింది. అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

శుక్రవారం పశువుల డాక్టరు వచ్చి యూరియా అడిగాడు. ఏ పంటకు సార్ అన్నాను. ఎద్దులకు అన్నాడు. మనిషికి ఏదో అయిందనుకున్నాను. మర్నాడు లేపాక్షి దోవలో ఒక పల్లెలో చేసి చూపిస్తానంటే, నాకు జ్వరమని అంగడి సావుకారుకు చెప్పి డాక్టరు వెనకాలే పోయాను. అబద్ధమే, ఏం చెయ్యను, కాళ్లు ఆగలేదు.

వాళ్లేం చేశారంటే: వట్టి వరిగడ్డి నూరు కిలోలు తూచారు. నాలుగు కిలోల యూరియాను యాభై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించారు. గడ్డిని పలచగా పరిచి నీళ్లు సమంగా చల్లడం, తొక్కడం, మళ్లీ ఒక పొర పరచడం. చివరికి గాలి చొరకుండా ప్లాస్టిక్ పట్ట కప్పి, అంచులకు మట్టి మెత్తారు. మూడు వారాలు మాగాలట. ముందే మాగిన కుప్ప ఒకటి తెరిచి చూపించారు. అబ్బా, ఘాటు! పొద్దున కొట్టం ఊడ్చేటప్పుడు ముక్కుకు కొడుతుందే, అదే, పదింతలు. గడ్డి మాత్రం బెల్లం రంగుకు తిరిగి, పట్టుకుంటే మెత్తగా ఉంది. ముందే తీసి ఆరబెట్టిన గడ్డి వేస్తే ఒక గొడ్డుబర్రె తలెత్తకుండా తినింది.

ఎందుకు మెత్తబడుతుందో డాక్టరు చెప్పాడు గానీ, నాకు అర్థమైంది ధర్మవరం తలుచుకున్నాకే. చిన్నప్పుడు చిన్నమ్మ ఇంట్లో చూశాం, గుర్తుందా? పచ్చి పట్టు చీపురుపుల్లలా బిరుసుగా ఉండేది. సోడా, సబ్బు వేసి ఉడకబెడితే జిగురు వదిలి జారిపోయేది. నువ్వు ఆ పట్టును చెంపకు రాసుకున్నావని చిన్నమ్మ తిట్టింది. గడ్డిలో కూడా సత్తువ ఉందట అక్కా, బిరుసులో చిక్కుకుని ఉందట. ఈ ఘాటు ఆ చిక్కు వదిలిస్తుందట. మీ కొట్టం కప్పును ఇట్లా చేస్తే ఏమవుతుందా అని అప్పటినుంచి నా తల తిరుగుతోంది.

యూరియా గింజ ఒక్కటి కూడా ఎద్దు నాలుకకు తగలకూడదు. ఇది మరవొద్దు.

నూరుల్లా


బండపల్లి,
17 జనవరి 1986

నూరూ,

నీకు పిచ్చి పట్టిందేమో కనుక్కోమని మా అత్త ముందుగా రాయమంది. రాశాను.

పోయినేడు పై వీధిలో నాగరాజు దూడ యూరియా కలిపిన బక్కెట్టులో మూతి పెట్టి, అక్కడే కాళ్లు కొట్టుకుని చచ్చింది. దూడను చంపిన మందు ఎద్దును ఎట్లా బతికిస్తుంది? చంపే గుణం ఎక్కడికి పోతుంది? ఇది నాకు తెలియాలి. తెలియకుండా నా ఎద్దులకు పెట్టను. ఇంకొకటి, సోడాతో పట్టు మెత్తబడేటట్టయితే చాకలోళ్లు వాడే చౌడుమన్నుతో గడ్డి మెత్తబడదా? అది మన వంకలో ఊరికే ఉంది కదా. డాక్టరును అడుగు. ఈ ప్రశ్న నాదేనని చెప్పు.

ప్లాస్టిక్ పట్ట మా దగ్గర లేదు, కొనే యోచన కూడా లేదు. కానీ రాత్రి పడుకుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. గాలి చొరకూడదు అంటే మా పెరట్లో నేలలో తవ్విన పాతర ఉంది కదా. రాతి పలక మూసి మట్టి మెత్తితే ఏడాది పాటు జొన్నలకు పురుగు కూడా పట్టేది కాదు. ఇప్పుడు జొన్నలుంటే కదా. అది ఖాళీగా పడి ఉండి మూడేళ్లయింది, దాని పక్కగా పోవాలంటే నాకు మనసొప్పదు. దాన్ని నింపొచ్చా?

మీ బావ తేరు మాట మానలేదు. కానీ నీ ఉత్తరం చదివాక కప్పు పీకడం ఆపాడు. అదే గొప్ప.

రోషన్‌బీ


హిందూపురం,
25 జనవరి 1986

అక్కా,

నీ ప్రశ్నలు విని డాక్టరు చేతిలో కాఫీ చల్లారిపోయింది.

చౌడు సంగతి ముందు. నిజంగానే కొన్ని దేశాల్లో సోడాతో చేశారట. కానీ చౌడులో ఉప్పు ఎంత, సోడా ఎంత అని ఎవరు తూచారు, వద్దన్నాడు. "ఎవరయ్యా ఆమె, ఏం చదివింది?" అని మాత్రం అడిగాడు. ఐదో తరగతి అని చెప్పాను, ఆయన నవ్వలేదు.

ఇక చంపే గుణం. దూడ ఒక్కసారిగా తాగింది, అంత ఘాటు ఒక్కసారి పొట్టలో పుట్టి రక్తానికెక్కింది. మూసిన కుప్పలో అయితే ఆ ఘాటు మెల్లగా పుట్టి గడ్డిలోకి దిగుతుంది. ఎక్కువైంది తెరిచాక గాలిలో పోతుంది. మిగిలింది కొంచెం, అది సత్తువే. ఎవరికి సత్తువ అనుకున్నావు? ఇక్కడే ఉంది అసలు వింత. గడ్డిని అరిగించేది ఎద్దు కాదట! దాని పొట్టలో కంటికి కనపడని పురుగులు కోట్ల కొద్దీ ఉంటాయట. గడ్డి తినేవి అవి. ఎద్దు ఆ పురుగులను అరిగించుకుంటుందట. ఎద్దును మేపడమంటే పురుగులను మేపడమే. నాకు రెండు రోజులుగా ఆవును చూసినా, మేకను చూసినా ఇదే ధ్యాస. షాహిదా నన్ను అంగడి వీధిలో నడవనివ్వడం లేదు, ప్రతి గొడ్డు దగ్గరా ఆగుతున్నానని.

పాతర భేషుగ్గా పనికొస్తుందన్నాడు, లోపల తేమ లేకపోతే చాలు. తెరిచాక వెంటనే పెట్టొద్దు. ఘాటు పోయేదాకా గాలికి వదలాలి. యూరియాను అంగడి నుంచి లారీ గుమాస్తా నారాయణతో పంపుతున్నాను.

నూరుల్లా


బండపల్లి,
6 ఫిబ్రవరి 1986

నూరూ,

నువ్వు రాసిన పురుగుల మాటను మీ బావ అరుగెక్కి చదివాడు. ఇంకేముంది, మీ బావ పేరు పెట్టి, మొహిద్దీన్ సాబు ఎద్దుల కడుపులో పురుగులు పడ్డాయని ఊరంతా పొక్కింది. పై వీధి యల్లక్క వచ్చి బూదెద్దు నోరు తెరిపించి చూసింది. ఏమీ కనపడకపోతే, "లోపలికి పోయినట్టుండాయి" అని చెప్పి పోయింది. నువ్వు ఇకనుంచి అందరూ వినేటట్టు రాయి, లేదా ఎవరికీ అర్థం కానట్టు రాయి.

పాతర నింపాం. కొట్టం కప్పు మొత్తం దించేశాం. వాసాలు ఆకాశం చూస్తున్నాయి. మీ బావ లోపలికి దిగి తొక్కాడు, నేను చల్లాను. చౌడక్క కూడా కొంగు బిగించి వచ్చి గడ్డి అందించింది, సగం పని ఆమెదే. మూతి దాకా వచ్చాక రెండు బిందెల మందునీళ్లు మిగిలాయి. మా బావి అడుగు నీకు తెలుసు. తోడిన నీళ్లు పారబోయడానికి చేతులు రాలేదు. నీళ్లకు నీళ్లు, మందుకు మందు అని మొత్తం పైన గుమ్మరించి, పలక మూసి, బంకమన్ను, పేడ కలిపి మెత్తాను. చీమ దూరదు.

తెరిచాక గాలికి వదలాలని నువ్వు మాకు చెప్పాలా? లోపల చెడుగాలి ఉంటుందని, పాతర మూత తీసి ఒక పగలు గాలికి వదలకుండా ఈ ఊళ్లో ఎవరూ తల కూడా వంచరు. మా మామ చెప్పిన మొదటి బుద్ధి అదే.

మా అత్తకు ఇదంతా నచ్చలేదు గానీ, పాతర నిండితే మాత్రం ఆమె కళ్లు మెరిశాయి. ఈ ఇంటి ఆనవాయితీ ప్రకారం పాతర తీసినప్పుడు మొదటి గంప మనది కాదు, పొరుగింటిది. వాళ్లు ఆ గంపను వట్టిగా పంపరు, ఏదో ఒకటి వేసి ఇస్తారు. జొన్నలకైనా గడ్డికైనా అదే అంటుంది. మొదటి గంప చౌడక్కకే. ఆమె ఎర్రావు చూడిది, ఆమెకూ సంతోషమే.

రోషన్‌బీ


హిందూపురం,
12 ఫిబ్రవరి 1986

అక్కా,

అంగట్లో కూర్చున్నాను గానీ మనసు నీ పాతరలోనే ఉంది. ఇప్పుడు లోపల ఏం జరుగుతుంటుంది? వేడెక్కి ఉంటుందా? రంగు పైనుంచి తిరుగుతుందా, కిందినుంచా? తెరిచిన రోజే రాయి. నీళ్లు వృథా చెయ్యకపోవడం మేలైంది, ఈ కాలంలో చుక్క కూడా విలువే. సావుకారుకు మళ్లీ జ్వరం అబద్ధం చెప్పలేను, లేకపోతే వచ్చేవాణ్ని.

చౌడక్కకు నా తరఫున కూడా ఒక గంప.

నూరుల్లా


బండపల్లి,
2 మార్చి 1986

నూరుల్లా,

చౌడక్క ఎర్రావు పడిపోయింది.

సోమవారం పలక తీసి, ఒక పగలంతా నోరు తెరిచి పెట్టాం. మంగళవారం పైనున్న గడ్డి గంపకెత్తి గోడ మీదుగా నేనే అందించాను. నా చేతులతోనే. మధ్యాహ్నానికి ఆవు వణికింది, నోట నురగ కక్కింది, పొట్ట ఉబ్బి పక్కకు ఒరిగింది. చౌడక్క అరుపుకు వీధి మొత్తం చేరింది. మా అత్త చింతపండు పిసికిన నీళ్లు చెంబులకొద్దీ దాని గొంతులో పోసింది. ఆమె జ్వరానికీ అదే పోస్తుంది, కాళ్లనొప్పికీ అదే పోస్తుంది. చీకటి పడేసరికి ఆవు తల ఎత్తింది. పెనుకొండ డాక్టరు వచ్చి, బతుకుతుంది గానీ కడుపులో దూడ సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు.

నీ మందే ఇది. నువ్వు చెప్పినట్టే చేశాను. మంచికి పోతే చెడ్డ తలకు చుట్టుకుంది. పాతర మూసేశాను. ఎద్దులకు ఒక్క పరక కూడా వెయ్యలేదు. మీ బావ బండి చక్రాలకు కందెన పెడుతున్నాడు, తేరుకు పోవడానికి.

రోషన్‌బీ


హిందూపురం,
6 మార్చి 1986

అక్కా,

ఉత్తరం చదవగానే అంగడి విడిచి లేచాను. డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన కొన్ని సంగతులు నిన్ను అడగమన్నాడు, వెంటనే రాయి. ఆవుకు ముందే ఏదైనా జబ్బు ఉందా? చౌడక్క ఆ గడ్డితో పాటు ఇంకేమైనా కలిపి పెట్టిందా? ఎంత పెట్టింది? ఆమె సరిగ్గా చెబుతుందా, దాస్తుందా? పులుపు పోయడం మాత్రం చాలా మంచిదైందన్నాడు, ఈ విషానికి పులుపే విరుగుడట. మదార్‌బీ అత్త తెలిసే పోసిందా అని అడిగాడు. తెలిసి కాదు, అన్నిటికీ అదే పోస్తుందని చెప్పాను.

నూరుల్లా


బండపల్లి,
12 మార్చి 1986

నూరుల్లా,

ఎందుకు రాశావయ్యా ఆ ముక్క? "దాస్తుందా" అట! మీ బావ దాన్ని ఎప్పట్లాగే గొంతెత్తి చదివాడు. గోడ అవతల చౌడక్క పేడ పిసుకుతోంది. ఆమె చెయ్యి ఆగడం నాకు వినిపించింది. మీ బావకు ఆ వరుస పూర్తయ్యాకే బుర్ర వెలిగింది, అప్పటికే చెయ్యి దాటిపోయింది.

ఆ సాయంత్రమే ఆమె గోడ దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది. "నా ఆవుకు నేనే మందు పెట్టుకుంటానా రోషనక్కా?" అంతే. ఆ తర్వాత మాట లేదు. పద్దెనిమిదేళ్లుగా ఆ గోడ మీద నిప్పు, ఉప్పు, పాలు, పిల్లల బట్టలు అటూ ఇటూ పోయాయి. ఇప్పుడు ఆమె నీళ్ల బిందె పెట్టే చోటు కూడా మార్చుకుంది. మా గంప ఆమె దగ్గరే ఉండిపోయింది. గంప తిరిగి రాని ఇల్లు పగ ఇల్లు అని మా అత్త పొద్దున, సాయంత్రం అంటోంది. సాబుల ఇంటి నుంచి విషం పోయిందని పై వీధిలో ఎవరో అన్నారట. ఇన్నాళ్లలో మమ్మల్ని సాబులని వేరు చేసి అన్నవాళ్లు లేరు.

నువ్వు ప్రశ్నలు అడుగు, నాకు వద్దు. ప్రశ్నలతోనే ఇంత దూరం వచ్చాం. తేరుకు ఇంకా రెండు వారాలు. బూదెద్దు ముందరి కాలు వణుకుతోంది. అమ్మేసేదేదో నిలబడి ఉండగానే అమ్మితే మేలని నేనే మీ బావతో అన్నాను. అన్నాక కొట్టంలోకి పోయి ఏడ్చాను. కప్పు లేదు కదా, ఎండ నెత్తిన కొట్టింది.

రోషన్‌బీ


హిందూపురం,
16 మార్చి 1986

అక్కా,

ఈ ఉత్తరాన్ని బావ గట్టిగానే చదవాలి. ఎంత గట్టిగా అంటే, గోడ అవతల పేడ పిసికే చేతులు మళ్లీ ఆగాలి.

చౌడక్కా, తప్పు నీది కాదు. నీ మీద అనుమానం వచ్చి అడగలేదు, డాక్టరు అడగమన్నాడని అడిగాను, అడిగే తీరు తెలియక అడిగాను. ఎరువులు అమ్మే నోటికి ఇంతకంటే మర్యాద రాలేదు. మన్నించు.

అక్కా, నీ ఫిబ్రవరి ఉత్తరాన్ని డాక్టరుకు చదివి వినిపించాను. రెండు బిందెల దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు. గుమ్మరించిన నీళ్లన్నీ పై పొరలోనే నిలిచాయి. కింది గడ్డికి పట్టినదానికి ఎన్నో రెట్ల మందు ఆ పై గడ్డిలోనే ఉంది. మేలైందని రాసింది నేనే. చదివి కూడా నాకు తట్టలేదు. రెండోది, గాలికి వదలాలి అంటే పాతర నోరు తెరిచి పెట్టడం కాదు, గడ్డిని బయటికి తీసి, నేల మీద పలచగా పరిచి, ఘాటు కళ్లకు తగలనంత దాకా వదలాలి. పాతర ఆనవాయితీ మీకు తెలుసనీ, మీరు గాలి అనగానే దాన్నే అనుకుంటారనీ నాకు తోచలేదు. ఇక మొదటి గంప. అన్నిటికంటే పైనున్నది, అన్నిటికంటే ఘాటైనది, దాన్నే మీరు ప్రేమగా గోడ దాటించారు. మీ మంచితనం కొద్దీ అది మీ ఎద్దులకు పోకుండా చౌడక్క ఆవుకు పోయింది.

మీరేం చెయ్యాలంటే, పైనుంచి మూరెడు గడ్డి తీసి దూరంగా చేను గట్టున పారెయ్యండి, గొడ్డు పోని చోట. కింది గడ్డి మంచిదే అంటున్నాడు డాక్టరు. కొంచెం తీసి కళ్లంలో పరిచి, మర్నాడు ముక్కు దగ్గర పెట్టుకుని చూడు. కళ్లు మండకపోతే ఒక ఎద్దుకు, ఒక్క గుప్పెడు. మూడు రోజులు చూసి ఇంకొంచెం. నేను దగ్గర లేను, నీ మనసు ఒప్పకపోతే వద్దు. ఎద్దులు నీవి.

నూరుల్లా


బండపల్లి,
4 ఏప్రిల్ 1986

తమ్ముడు నూరుల్లాకు, నీ అక్క సలాం. ఈసారి ముద్దులు కూడా.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ బావ నావైపు చూశాడు. చదువు అన్నాను. గోడకు వీపు ఆనించి నిలబడి చదివాడు, అరుగు మీద కాదు. రెండుసార్లు చదివాడు. అవతల చప్పుడు లేదు. ఆమె ఇంట్లో లేదేమో అనుకున్నాను.

పై గడ్డి తీసి పారేశాం. కిందిది ఒక గంప కళ్లంలో పరిచాను. మర్నాడు గుప్పెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను, తర్వాత ఎవరూ చూడటం లేదని చెంపకు రాసుకున్నాను. చిన్నమ్మ లేదు గానీ మా అత్త చూసి తిట్టింది. మూడేళ్లు మా కొట్టం మీద ఎండా పొగా తిన్న గడ్డి నూరూ, నమ్మలేవు, కొత్తగడ్డికంటే మెత్తన.

బూదెద్దు ముందు పెట్టాను. పెట్టి దాని పక్కనే కూర్చున్నాను, పోతే నా కళ్ల ముందరే పోనీ అని. అది వాసన చూసింది. నా మొహం చూసింది. తినింది. గాడి అడుగు నాకి మళ్లీ చూసింది. ఆ రోజంతా దాని పొట్ట మీద చెయ్యి తీయలేదు. ఉబ్బలేదు. నెమరు వేస్తుంటే నీ పురుగులు మేస్తున్నాయనుకుని నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. తర్వాత కర్రెద్దుకూ వేశాను. వారం తిరిగేసరికి వణుకు తగ్గింది.

తేరుకు మీ బావ పోయాడు. ఎద్దులను బండికి కట్టి, ఊరి వాళ్లను ఎక్కించుకుని పోయాడు. సంత వైపు తిప్పలేదట. తిరునాళ్లలో ఒక బేరగాడు బూదెద్దు పళ్లు చూడబోతే, "చూడొద్దప్పా, పురుగులుండాయి" అన్నాడట. బండెడు మనుషులను దించి, రెండు ఎద్దులతోనే తిరిగొచ్చాడు.

ఇక గంప. నిన్న పొద్దున నేను పాతర దగ్గర ఉన్నాను. వెనకనుంచి దబ్బున ఏదో పడింది. చూస్తే మా గంప. నిండా నల్లబడిన వరిగడ్డి, తాళ్ల ముక్కలతో సహా. చౌడక్క కొంగుతో చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది. తల ఎత్తి చూస్తే ఆమె కొట్టం పైన వాసాలు కనిపించాయి.

"మీ తమ్మునికి రాయి," అంది. "ముందే జబ్బు ఏమీ లేదు నా ఆవుకు. ఆ పొద్దు గడ్డిని కుడితిలో ముంచి పెట్టినా, బాగా తింటాదని. దాసేది లేదు నా దగ్గర. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. ఇంగ ఈ గడ్డిని నీ పాతరలో ఎయ్యి. ఈసారి నీళ్లు నేను చల్లుతా, నువ్వు పైన గుమ్మరిస్తావు."

నేను గంప పక్కకు జరిపి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు. మా అత్త గంప లోపలికి తొంగి చూసి, వట్టిగా రాలేదు అని మాత్రం అంది.

యూరియా పంపు. మా కొట్టానికీ కప్పు లేదు, ఆమె కొట్టానికీ కప్పు లేదు. ఇప్పుడు వాన వస్తే ఎద్దులు, ఆవు, దూడ, మేము అందరం తడవాల్సిందే.

రానీ.

రోషన్‌బీ